చెంచాడు బ్రాందీ, ఇరవై రెండేళ్ళ ఆకుబీరు

పార్లమెంటుకి నేను మూడుసార్లు పోటీ చేసి ఒక్కసారి గెలిచాను. అది ఏ దఫానో తర్వాత చెప్తాను, కాస్త ఓపిక పట్టండి. గెలిచిన ఆ నాలుగేళ్ళలో సభలో తొమ్మిదిసార్లు లేచి నిలబడ్డానని మా ఊరి పత్రిక రాసింది. నిజమే. అందులో ఆరుసార్లు పక్కాయన బయటికి పోవడానికి దారివ్వడం కోసం లేచాను. ఆ ముక్క వాళ్ళు రాయలేదు, పాపం మర్యాదస్తులు.

నా పేరు ఈనాక్ బారాక్లఫ్. ఇంగ్లండులో యార్క్‌షైర్ కొండల్లో థార్న్‌బెక్ అనే మిల్లుల ఊళ్ళో టీ పొడి కొట్టు నాది. లిబరల్ పార్టీ నా పార్టీ, జనం చేత తాగుడు మాన్పించడం నా జీవితాశయం. "తాగుడు మానినవాడు ఏం తాగుతాడు? టీ తాగుతాడు. టీ ఎవడమ్ముతాడు? ఈనాక్!" అని కన్జర్వేటివ్‌లు గోడల మీద రాసేవాళ్ళు. చూసినప్పుడల్లా ఒళ్ళు మండిపోయేది. ఇప్పుడు ఆలోచిస్తే వాళ్ళన్నదాంట్లో తప్పేమీ కనిపించడం లేదు.

మా ఉద్యమంలో పైకి రావాలంటే ఓ అర్హత కావాలి: తాగుబోతు తండ్రి. వేదికెక్కిన ప్రతివాడికీ ఒకడుండేవాడు. వాణ్ణి తలుచుకుని గొంతు పూడుకుపోతే ఆడవాళ్ళు చేతిరుమాళ్ళు తీసేవాళ్ళు. నాకా అదృష్టం లేదు. మా నాన్న మజ్జిగ తప్ప ముట్టేవాడు కాదు, పొద్దుగూకేసరికి ఇంటికొచ్చి మేజోళ్ళు అల్లుకునేవాడు. ఆయన్ని పట్టుకుని ఎవణ్ణి ఏడిపించను? అందుకని మా మామగారిని వాడుకున్నాను. నా భార్య హెఫ్జిబా, మేం హెప్సీ అంటాం, వాళ్ళ నాన్న నిఖార్సయిన తాగుబోతు. ఓ చలికాలం కాలువలో పడి పోయాడు. ఆ కథ ఊరూరా తిరిగి చెప్పాను, హెప్సీ ముందు వరసలో కూర్చుని వింటూండగానే. అందరూ ఏడ్చేవాళ్ళు. హెప్సీ మాత్రం చేతిసంచి మూత తీస్తూ, వేస్తూ కూర్చునేది. ఈవిడ మనసు ఎంత గట్టిదీ అనుకునేవాణ్ణి. నా తెలివి అంతవరకే ఉండేది.

మేం ప్రార్థనకి పోయే చాపెల్ పక్కన బడి గదిలో ఓ నల్ల చెక్క పలక ఉండేది. మద్యం ముట్టనని ప్రతిజ్ఞ చేసి, పదేళ్ళు నిలబెట్టుకున్నవాళ్ళ పేర్లు దాని మీద బంగారు రంగుతో రాయించేవాళ్ళం. సంఘానికి అధ్యక్షుణ్ణి నేనే, నియమాలు రాసిందీ నేనే. ఏడో నియమం: తెలిసిగానీ తెలియకగానీ మద్యం చుక్క నోట్లోకి పోయినవాడి పేరు పలక మీంచి గీకేయాలి. పన్నెండో నియమం: ప్రతిజ్ఞ కార్డు మీద సాక్షి సంతకం ఉండాలి; ఆ సాక్షి పదేళ్ళుగా చుక్క ముట్టనివాడై ఉండాలి, సొంత ఇంటి మనిషి కాకూడదు. రాసినప్పుడు ఎంత మురిసిపోయానో చెప్పలేను. హెప్సీకి మూడుసార్లు చదివి వినిపించాను.

ఆ పలక మీద నా పేరు పక్కనే ఏమస్ క్రాబ్‌ట్రీ పేరుండేది. ఏమస్ చెక్క అడుగుల జోళ్ళు చేసేవాడు. చిన్నప్పట్నుంచీ నా స్నేహితుడు. ప్రతి శనివారం సాయంత్రం మా కొట్టు వెనక గదిలోకి వచ్చి కూర్చునేవాడు. వాడే వచ్చేవాడు, నేను వాళ్ళింటికి ఎప్పుడూ వెళ్ళలేదు. "చేతిలో కాయితం లేకుండా నువ్వు ఎవరి గడపా తొక్కవు ఈనాక్," అనేది హెప్సీ. అదేదో మెచ్చుకోలనుకునేవాణ్ణి.

పద్దెనిమిది వందల ఎనభై ఒకటిలో ఏమస్‌కి ఊపిరితిత్తుల్లో జ్వరం వచ్చింది. ఒంటి మీద తెలివి లేదు. డాక్టరు వాడి పళ్ళు విడదీసి చెంచాడు బ్రాందీ పోశాడు. వాడు బతికి లేచాక, ఎవరూ అడక్కుండానే, కర్ర పట్టుకుని మా కొట్టుకి నడిచొచ్చి చెప్పాడు.

"ఒరేయ్ ఈనాక్, నా నోట్లో బ్రాందీ పోశారట్రా. మా ఆవిడ చెప్పింది. నీకు చెప్పాలి కదా అని వచ్చాను."

నేనేం చెయ్యాలి? స్నేహితుడు బతికాడని కావలించుకోవాలి. నేనేమో నియమాల పుస్తకం తీశాను.

"నియమం నియమమే ఏమస్."

ఆ ఆదివారం నిచ్చెనెక్కి చాకుతో వాడి పేరు నేనే గీకాను. ఆ చాకు నా పెళ్ళికి వాడిచ్చిందే. ఆ తర్వాత వాడు శనివారాలు రావడం మానేశాడు. వీధిలో ఎదురైతే టోపీ తాకేవాడు, మాట్లాడేవాడు కాదు. పదకొండేళ్ళు! నేను మాత్రం తక్కువ తిన్నానా, నాదే న్యాయమని నేనూ మాట్లాడలేదు. శనివారం సాయంత్రమయ్యేసరికి వెనక గదిలో వాడి కుర్చీ చూస్తే కడుపులో దేవినట్టుండేది. అజీర్తి అనుకుని మాత్రలు వేసుకునేవాణ్ణి.

ఇక ఆకుబీరు సంగతి. దురదగొండి ఆకు, అల్లం, చక్కెర కలిపి మరగబెట్టి, చల్లారాక కాస్త ఈస్టు వేసి రాతి సీసాల్లో పోసి బిరడా బిగించి తాడు కట్టేది హెప్సీ. మా వైపు తాగుడు మానినవాళ్ళ ఇళ్ళన్నిటా అదే పానీయం. సంఘం విందుల్లో జాడీలకి జాడీలు ఖాళీ అయ్యేవి. హెప్సీ మాత్రం టీయే తాగేది. నా సభల్లో అయితే అదో వేడుక. ఉపన్యాసం సగంలో సభాధ్యక్షుడు సీసా తాడు కోసేవాడు, బిరడా ఠప్పుమని ఎగిరి పైకప్పుకి కొట్టుకునేది, జనం "లేచింది!" అని అరిచేవాళ్ళు. నేను రెండు గ్లాసులు తాగేవాణ్ణి. ఇక చూడండి నా ప్రతాపం! మొదటి సగంలో నసిగినవాణ్ణి రెండో సగంలో బల్ల గుద్దేవాణ్ణి, ఏడ్చేవాణ్ణి, ముక్కూ మొహం తెలియనివాళ్ళని కావలించుకునేవాణ్ణి. "రెండో సగంలో బ్రదర్ ఈనాక్ మీదికి ఆత్మ దిగుతుంది," అని చాపెల్లో చెప్పుకునేవాళ్ళు. ఓ చలికాలం సీసాలు గడ్డకట్టి పగిలిపోయి వారం రోజులు మంచినీళ్ళతో మాట్లాడితే ఆత్మ దిగనే లేదు. పాపం చేశానేమోనని ఉపవాసం ఉన్నాను.

తొంభై రెండు ఎన్నికల్లో నేను మళ్ళీ నిలబడ్డాను. అవతల కన్జర్వేటివ్ అభ్యర్థి బీరు కంపెనీ యజమాని మేజర్ డైసన్. ఎనభై ఆరులో ఆయన చేతిలో ఓడిపోయాను, ఈసారి ఓడితే పార్టీ ఇంక నా మొహం చూడదు. పార్లమెంటులో అడుగుపెట్టాలి, సారాకొట్లు ఉండాలో వద్దో ఊరివాళ్ళే ఓటేసుకునే చట్టం తేవాలి, నా పేరు చరిత్రలో ఉండాలి. మూడోదే ముందు అనుకున్నాను, మిగతా రెండూ దాని వెనకాల వచ్చాయి. గురువారం పోలింగు. అంతకు ముందు సోమవారం ఎక్సైజు అధికారి లంబ్ గారు టోపీ చేత్తో పట్టుకుని మా వంటింట్లోకి వచ్చాడు.

"అయ్యా, మొన్న చాపెల్ సంతలో ఆకుబీరు గ్లాసు రెండు పెన్నీలకి అమ్మారు కదండీ. అమ్మే ప్రతి పానీయం నుంచీ నమూనా తియ్యడం మా డ్యూటీ. మీవాళ్ళదీ తీసి పరీక్షకి పంపాం."

"పంపండి. ఊరంతటికీ స్వచ్ఛమైన పానీయం అదొక్కటే."

ఆయన మొహం చూస్తే నవ్వాపుకుంటున్నాడో, జాలిపడుతున్నాడో తెలియలేదు. ఓ కాయితం బల్ల మీద పెట్టాడు.

"డైసన్ కంపెనీ పలచ బీరు కంటే ఇందులో మద్యం ఎక్కువుందండీ. చక్కెరా ఈస్టూ కలిసి సీసాలో అలా మగ్గితే అంతే మరి. తెలియక చేశారు కాబట్టి కేసేమీ లేదు, హెచ్చరిక ఉత్తరం ఒక్కటి వస్తుంది. నేనైతే దాన్ని శుక్రవారం పోస్టులో వేస్తానండీ."

శుక్రవారం. అంటే పోలింగు అయిపోయిన మర్నాడు. మంచి మనిషి. ఆయన వెళ్ళాక వేళ్ళ మీద లెక్కేసుకున్నాను. ఇరవై రెండేళ్ళు! వారానికి రెండు సభలు, సభకి రెండు గ్లాసులు, భోజనంలో ఒకటి. థార్న్‌బెక్ పబ్బుల్లో కూర్చునేవాళ్ళలో ఇంత క్రమం తప్పకుండా తాగినవాడు ఇంకొకడు లేడు.

హెప్సీ పొయ్యి దగ్గర నిలబడి ఉంది. ఆశ్చర్యపోలేదు.

"నీకు తెలుసా?" అన్నాను.

"గట్టిగా తెలియదు. వాసన తెలుసు."

"ఏం వాసన?"

"మా నాన్న ఇంటికొచ్చినప్పుడు వచ్చే వాసన. సభ అయ్యాక నీ దగ్గరా అదే వచ్చేది. ఆకుల వాసనేలే అని సర్దిచెప్పుకునేదాన్ని. మా నాన్న కథ ఊరూరా చెప్పావు ఈనాక్, నాకంటే బాగా చెప్పావు. ఆ వాసనొక్కటే నీకు తెలియదు. నేను ఆ సీసా ఎప్పుడైనా ముట్టానా?"

"మరి నాతో ఒక్క మాట అనొచ్చు కదా!"

"భయం."

"నేనంటేనా? నేనేనాడైనా నీ మీద చెయ్యెత్తానా? గొంతు పెంచానా?"

"ఏమస్ పేరు గీకొచ్చిన రోజు నీ చొక్కా చేతుల నిండా బంగారు రంగు పొట్టు. చేతులు కడుక్కుని, బాగా ఆకలేస్తోందన్నావు. రెండు పళ్ళేల మాంసం తిన్నావు. ఆ రోజు నుంచీ భయం."

ఇప్పుడీ మాట రాస్తుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆ రోజు మాత్రం నాకు సిగ్గు రాలేదు, ఉపాయం వచ్చింది.

"చూడు హెప్సీ, మనం అబద్ధం చెప్పక్కర్లేదు. గురువారం దాకా నోరు మూసుకుంటే చాలు. బుధవారం సభకి సీసాలో మంచినీళ్ళు పోసి బిరడా బిగించు."

"నేను పొయ్యను. కావాలంటే నువ్వే పోసుకో. అయినా నీళ్ళకి బిరడా ఎగరదు ఈనాక్."

బుధవారం పొద్దున్న తలుపు గడియ పెట్టుకుని, కాబోయే పార్లమెంటు సభ్యుణ్ణి, వంటింట్లో మోకాళ్ళ మీద కూర్చుని రాతి సీసాలో నీళ్ళు పోసి తాడు కట్టుకున్నాను. రెండు గరిటెల నీళ్ళు నా చొక్కా మీదే పోసుకున్నాను.

సాయంత్రం ఆరింటికి బడి గది కిటకిటలాడిపోయింది. ముందు వరసలో హెప్సీ. వెనకాల తలుపు దగ్గర, గోడకి ఆనుకుని ఏమస్. బహిరంగ సభ కాబట్టి ఎవరైనా రావచ్చు. నా సభలన్నిటికీ వచ్చేవాడు, సీసా తియ్యగానే వెళ్ళిపోయేవాడు. వాణ్ణి సంఘంలోంచి తీసేశాక మా విందులకి పిలవలేదు, మా సీసాలోది చుక్క ఇవ్వలేదు; అప్పట్నుంచీ వాళ్ళింట్లో ఆకుబీరు కాచడమూ మానేశారు.

మొదటి సగం ఎప్పట్లాగే నసిగాను. సభాధ్యక్షుడు బ్రదర్ జాబెజ్ మర్గట్రాయిడ్ లేచి సీసా ఎత్తి చూపించి తాడు కోశాడు. జనం పైకప్పుకేసి చూశారు. బిరడా కూర్చున్నచోటే కూర్చుంది. జాబెజ్ వేలితో గిల్లాడు. కదల్లేదు. పళ్ళతో పట్టుకుని లాగాడు.

"ఏమైంది బ్రదర్? దానికీ ఓటు హక్కు కావాలంటోందా?" అని ఎవడో అరిచాడు. గది గొల్లుమంది.

నీళ్ళు తాగి మళ్ళీ మొదలెట్టాను. ఏం చెప్తున్నానో నాకే తెలియడం లేదు. గట్టెక్కించే కథ ఒక్కటే ఉంది కదా అని మామగారి కథ ఎత్తుకున్నాను. "నాకు తెలిసిన ఒక చిన్నపిల్ల... వాళ్ళ నాన్న ఇంటికొచ్చే వేళకి తలుపు వెనక దాక్కునేది..." అంటూ కిందికి చూశాను. హెప్సీ సంచి మూత తీస్తోంది, వేస్తోంది. ఆ పిల్ల ఆవిడే కదా. ఇరవై రెండేళ్ళుగా తలుపు వెనకే ఉంది కదా. కథ ఆపేశాను. తలెత్తితే ఏమస్. సీసా తీసినా వెళ్ళిపోకుండా, మొదటిసారి, నాకేసి చూస్తూ నిలబడ్డాడు.

"అయ్యలారా, ఈ కథ చెప్పే హక్కు నాకు లేదు. నేనూ తాగుబోతునే," అన్నాను.

లంబ్ గారి కాయితం జేబులోంచి తీసి చదివాను. ఆత్మ దిగడం సంగతి చెప్పాను. నీళ్ళు పోసిన సంగతీ చెప్పాను. "చెంచాడు బ్రాందీకి ఏమస్ పేరు గీకాను. వాడికి తెలివి లేనప్పుడు పోశారు. నాకు తెలివి ఉండగానే ఇరవై రెండేళ్ళు పోశారు, నేను గ్లాసు చాపాను."

అప్పుడు జాబెజ్ మెల్లిగా, "విందుల్లో మేమంతా తాగింది కూడా... అదేనా బ్రదర్?" అన్నాడు. ఆయన విందుకి నాలుగు గ్లాసులు తాగేవాడు. ఒక్కొక్కరి మొహమే తెల్లబోవడం మొదలైంది. సంఘం మొత్తం, నూట అరవై మూడు పేర్లు! వెనక బెంచీల్లో పబ్బువాళ్ళు నవ్వలేక పొట్టలు పట్టుకున్నారు. ఆ గోలలో చెక్క జోళ్ళ చప్పుడు వినిపించింది. ఏమస్ నా దగ్గరికే వస్తున్నాడనుకున్నాను. కాదు, బయటికి వెళ్ళిపోయాడు.

గురువారం నలభై ఒక్క ఓట్ల తేడాతో ఓడిపోయాను. తాగేవాళ్ళు నేను తాగనివాణ్ణని వెయ్యలేదు, తాగనివాళ్ళు నేను తాగుబోతునని వెయ్యలేదు.

ఆదివారం సంఘం సమావేశం. ఏడో నియమం ప్రకారం పేర్లన్నీ గీకాలి, కానీ అన్ని గీకితే చెక్క మిగలదని పలకని గోడవైపు తిప్పేశారు. అందరూ మళ్ళీ ప్రతిజ్ఞ చెయ్యాలి. పదేళ్ళుగా చుక్క ముట్టని సాక్షి కావాలి. ఎవరున్నారు? హెప్సీ ఉంది. నూట అరవై రెండు మంది మూడు రోజులు మా వంటింట్లో వరస కట్టి ఆవిడ చేత సంతకం పెట్టించుకున్నారు. నా కార్డు ఆవిడ ముందు పెడితే నవ్వింది. ఎన్నాళ్ళకి నవ్వింది!

"సొంత ఇంటి మనిషి పనికిరాదు. పన్నెండో నియమం. మూడుసార్లు చదివి వినిపించావుగా."

"ఈ ఒక్కసారికి నియమం మార్చేద్దాం బ్రదర్," అన్నాడు జాబెజ్.

"నియమం నియమమే," అన్నాను అలవాటు కొద్దీ. అనేశాక నాలుక కొరుక్కున్నాను. థార్న్‌బెక్‌లో పదేళ్ళు చుక్క ముట్టని మనిషి ఇంకొక్కడే ఉన్నాడు. మేం గెంటేశాం కాబట్టే ముట్టకుండా మిగిలాడు.

శనివారం సాయంత్రం ఏమస్ ఇంటికి వెళ్ళాను. ఎన్నడూ తొక్కని గడప. వాడు కింద కూర్చుని జోడు అడుగు చెక్కుతున్నాడు. తలెత్తలేదు.

"ఏం కాయితం తెచ్చావు?"

"నీకెలా తెలుసు?"

"కాయితం లేకపోతే నీ కాళ్ళు నడవవు కదరా."

నేను సిద్ధం చేసుకొచ్చిన ఉపన్యాసం ఒకటుంది. దాన్లో మూడు భాగాలున్నాయి. ఒక్కటీ గుర్తురాలేదు. "తప్పు చేశాన్రా ఏమస్. నువ్వు బతికొస్తే పుస్తకం తీశాను," అన్నాను. గొంతు పూడుకుపోయింది, ఈసారి ఆడవాళ్ళెవరూ లేకుండానే.

వాడు చాలాసేపు చెక్కాడు. కార్డు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చేశాడు. "చేతులు మురికిగా ఉన్నాయి. వచ్చే శనివారం చూద్దాం. కూర్చో, టీ పెడతాను. నీ కొట్టుది కాదులే, మంచిది."

మరుసటి శనివారం సిరా లేదన్నాడు. ఆ మరుసటి శనివారం కళ్ళజోడు కనపడలేదన్నాడు, అది వాడి నుదుటి మీదే ఉంది. నేను తప్పకుండా వెళ్తూనే ఉన్నాను. టీ తాగేవాళ్ళం, ఓట్స్ రొట్టె తినేవాళ్ళం, చచ్చినవాళ్ళ గురించీ, చావాల్సినవాళ్ళ గురించీ మాట్లాడుకునేవాళ్ళం. పందొమ్మిది వందల ఆరులో, దేశమంతా లిబరల్ గాలి వీచినప్పుడు, ఆ గాలికి నేనూ కొట్టుకుపోయి లండన్‌లో పడ్డాను. ప్రతి శనివారం రైల్లో వచ్చేవాణ్ణి. మద్యనిషేధం మీద మాట్లాడే సభ్యుడికి తన ప్రతిజ్ఞ కార్డు మీదే సాక్షి సంతకం లేదని అక్కడ ఎవరికీ తెలియదు. అది జేబులోనే, అంచులు నలిగిపోయి ఉండేది.

పోయిన నెల నాకు డెబ్భై ఒకటి నిండాయి. ఏమస్‌కి చూపు సరిగా ఆనడం లేదు, పని మానేశాడు. కార్డు వాడి మోకాలి మీద పెట్టి, కలం చేతిలో పెట్టాను.

"పద్దెనిమిదేళ్ళు దాటింది ఏమస్. ఇన్నాళ్ళలో నేను చుక్క ముట్టలేదని నీకు తెలుసు. ఇంకా కోపమేనా? చూపు పూర్తిగా పోకముందే పెట్టరా బాబూ."

"కోపమా! అది ఎప్పుడో పోయింది."

"మరింకేంటి?"

వాడు కలం నా వైపు చాపాడు.

"పెట్టేస్తే వచ్చే శనివారం ఎందుకొస్తావురా?"

ఇరవై రెండేళ్ళు వేదికల మీద దొంగ ఏడుపు ఏడ్చిన నేను, అప్పుడు ఏడ్చాను. ముక్కు కారుతూ, అసహ్యంగా. వాడికి సరిగా కనపడలేదు, అదొక్కటే నయం. కార్డు తీసుకెళ్ళి వాడి పొయ్యిలో వేశాను.

మరుసటి శనివారం చేతిలో ఏమీ లేకుండా వెళ్ళాను. గడప దగ్గరికొచ్చాక ఏమని చెప్పి లోపలికి వెళ్ళాలో తోచక, ఖాళీ జేబులు తడుముకుంటూ నిలబడిపోయాను. లోపల్నించి ఏమస్ కేకేశాడు.

"వచ్చావని తెలుసులేరా, తలుపు తీసే ఉంది."